స్టిక్కర్ మన గల్లీ దాకా వచ్చింది, ఇల్మ్ రాలేదు

మన ఊళ్లలో ఏ బండి మిస్త్రీ దుకాణం ముందైనా నిలబడి చూడండి. షట్టర్ మీద షెల్, కాస్ట్రాల్, మోటుల్, పెట్రోనాస్ స్టిక్కర్లు. పక్కన మోకాలు నేలకు తగిలేలా వాలి మలుపు తిరుగుతున్న రేసు బండి బొమ్మ. ఆ బొమ్మ కింద నూనె చేతులతో ఇంజన్ విప్పేది చాలా చోట్ల మన పిల్లలే. చదువు మధ్యలో ఆపి ఏదో ఒక ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరి హునర్ నేర్చుకున్నవాళ్లు. అందుకే పెట్రోలు కంపెనీలకూ మోటార్ సైకిల్ రేసింగ్ టీములకూ మధ్య ఉన్న రిష్తా గురించి మనం మాట్లాడుకోవాలి. దూరదేశాల అమీర్ల షౌక్ అని వదిలేయలేం. దాని పేరు మీద అమ్ముడుపోయే సరుకు మన ఇంటి ఖర్చులో ఉంది.

ముందు ఇన్సాఫ్‌గా ఒక మాట చెప్పాలి. ఆ రిష్తా ఉత్త ఇష్తెహార్ కాదు. స్పెయిన్‌కు చెందిన రెప్సోల్, జపాన్‌కు చెందిన హోండా 1995 నుంచి 2024 దాకా ముప్పై సీజన్లు కలిసి నడిచాయి. ఆ జోడీకి పెద్ద క్లాసులో 15 రైడర్ టైటిళ్లు వచ్చాయి. మాడ్రిడ్ పక్కన మోస్తొలెస్‌లో ఉన్న రెప్సోల్ ల్యాబులో ఆ బండ్ల కోసమే పెట్రోలు, ఆయిల్ తయారయ్యేవి. ఇటలీ డుకాటీకి షెల్‌తో 1999 నుంచి సాంకేతిక భాగస్వామ్యం ఉంది.

ఆ ల్యాబుల్లో చేసే పని ఏమిటి? మోటోజీపీ ఇంజన్ నిమిషానికి 18,000 సార్లకు పైగా తిరుగుతుంది. అంటే ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 150 సార్లు పెట్రోలు అంటుకోవాలి. అంత తక్కువ వక్త్‌లో పూర్తిగా మండకపోతే తాకత్ పోతుంది. అదుపు తప్పి మండితే పిస్టన్ పోతుంది. పైగా రేసు మొత్తానికి ట్యాంకులో పోసుకోనిచ్చేది 22 లీటర్లే. నూటపది, నూటఇరవై కిలోమీటర్లు అందులోనే లాగాలి. లీటరుకు అయిదారు కిలోమీటర్ల హిసాబ్. అందుకే ఇంజన్ ఇంజనీరు, పెట్రోలు కెమిస్టు ఒకే మేజా దగ్గర కూర్చుంటారు. ఆక్టేన్ 95కు తగ్గకూడదు, 102 దాటకూడదు అని అంతర్జాతీయ మోటార్ సైకిల్ సమాఖ్య ఖాయిదా పెట్టింది. ఆ హద్దులో ఉంటూనే తమ ఇంజన్‌కు సరిగ్గా కుదిరే పెట్రోలు కలుపుకుంటారు. ఇది మెహనత్, ఇది హునర్. ఇందులో నాకు షక్ లేదు.

నా సవాల్ ఆ తర్వాతి మాట మీద. ‘ట్రాక్ మీద నేర్చుకున్నది మీ రోడ్డుకు తెస్తాం’ అని ఈ కంపెనీల దావా. నిజంగా మన దాకా ఏం వచ్చింది?

ఆయిల్ డబ్బానే తీసుకోండి. ట్రాక్ మీది ఆయిల్ ఒక్క ఇంజన్‌కు కొలిచి కలిపింది. దుకాణంలోది లక్షల బండ్లకు పనికొచ్చేలా చేసింది. డబ్బా మీద రేసు బండి బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల రేసు ఆయిల్ ఉండదు. మనకు గరజ్ ఉన్న మాట డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. గేర్ల బండికి ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’, గేర్లు లేని స్కూటర్‌కు ‘జాసో ఎంబీ’. గేర్ల బండిలో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. జారుడు ఎక్కువ ఉన్న ఆయిల్ పోస్తే క్లచ్ కూడా జారిపోతుంది. దాని పక్కన 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 లాంటి గ్రేడు. మీ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే.

పెట్రోలు సంగతీ అంతే. మామూలు 100 సీసీ బండిలో 100 ఆక్టేన్ పెట్రోలు పోయించి సంబరపడే నౌజవాన్లు ఉన్నారు. ఆక్టేన్ అంటే తాకత్ కాదు భాయ్, తొందరపడి మండకుండా ఓర్చుకునే గుణం, సబర్ అనుకోండి. గట్టిగా నొక్కే ఇంజన్‌కు అది కావాలి. మన బండికి ఆ ఎక్కువ రూపాయలు ఫిజూల్ ఖర్చే.

ట్రాకే రోడ్డుకు రాహ్ చూపిస్తుందన్న దావాను తారీఖ్ కూడా పూర్తిగా ఒప్పుకోదు. సీసం కథ చూడండి. నాకింగ్ ఆపడానికి 1920ల నుంచి పెట్రోలులో సీసం కలిపారు. అది పిల్లల దిమాగ్‌ను దెబ్బతీస్తుందని డాక్టర్లు చెప్పారు, క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి, హుకూమత్‌లు చట్టాలు చేశాయి. జపాన్ రోడ్ల మీద సీసం పెట్రోలు 1980లలోనే పోయింది. అమెరికా రోడ్ల మీద 1996లో పూర్తిగా ఆగింది. మోటార్ సైకిల్ గ్రాండ్ ప్రీల్లో సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయింది 1998లో. మన దేశంలో 2000లో ఆగింది. అంటే సీసం విషయంలో ట్రాక్ ఉస్తాద్ కాదు, వెనక వచ్చిన షాగిర్ద్.

ఇప్పుడు ఇంకో ఇమ్తెహాన్ వచ్చింది. 2024 నుంచి మోటోజీపీ పెట్రోలులో కనీసం 40 శాతం భూగర్భ చమురు నుంచి రాకూడదు. 2027 నుంచి 100 శాతం. అదే ఏడాది ఇంజన్ 1000 సీసీ నుంచి 850కి, ట్యాంకు 20 లీటర్లకు తగ్గుతాయి. ఆ కొత్త ఇంధనం గాలిలోంచి పట్టిన కార్బన్‌తోనో, పట్టణాల చెత్తతోనో, తిండికి పనికిరాని మొక్కల పదార్థంతోనో చేయాలన్నది ఉద్దేశం. చిన్న క్లాసులైన మోటో2, మోటో3కి పెట్రోనాస్ ఒక్కటే ఇంధనం ఇస్తోంది. పెద్ద క్లాసులో మాత్రం ఎవరి కంపెనీ వాళ్లదే, ఎవరి నుస్ఖా వాళ్లదే. పోటీ ఉంటే పని తొందరగా అవుతుందని దాని వెనక దలీల్. ఒప్పుకుందాం. కానీ ప్రతి నుస్ఖా తిజోరీలో దాచేస్తే దునియాకు దక్కే ఫాయిదా ఎంత?

ఇక మన పంపు దగ్గరికి రండి. 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025కు ముందుకు జరిపి మనకు ఈ20 పోస్తున్నారు. మన ఇథనాల్ ఎక్కువగా చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచే వస్తోంది. ట్రాక్ తిండి కాని దాని వైపు పోతుంటే, రోడ్డు తిండి గింజల మీద నడుస్తోంది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు 2024లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జాతీయ రహదారి మీద కూర్చున్నారు. నీళ్లు, నేల, గాలి వాళ్ల ఫికర్.

ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి మూడోవంతు తక్కువ. పాత ద్విచక్ర వాహనాలకు మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లోనే రాసింది. పాత బండ్లలో రబ్బరు పైపులు, వాషర్లు కూడా తొందరగా పాడయ్యే అవకాశం ఉంది. అప్పుడు గిరాకీ వచ్చి తిట్టేది పెట్రోలు కంపెనీని కాదు, మన మిస్త్రీని. ‘నువ్వే ఖరాబ్ చేశావ్’ అంటాడు. ఆ పిల్లవాడి ఇజ్జత్ పోతుంది, మజ్దూరీ పోతుంది.

ఒక మిసాల్ చెప్తాను. 2022 ఆగస్టులో ఇండియన్ ఆయిల్ పానిపట్‌లో వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు తెరిచింది. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన మోటోజీపీ రేసుకు టైటిల్ స్పాన్సర్ కూడా ఇదే. గడ్డి నుంచి ఇంధనం తీసే ఇల్మ్ ఒక చేతిలో, రేసుకు పెట్టే డబ్బు ఇంకో చేతిలో ఉన్న సర్కారీ కంపెనీ ఆ రెండు చేతులూ కలిపితే అది అసలైన భాగస్వామ్యం. ట్రాక్ మీద గడ్డి ఇంధనం నడిపి చూపించండి. లీటరుకు ఎంత పడింది, ఇంజన్‌కు ఏమైంది అనేది ఖులాసాగా చెప్పండి.

‘అది వినోదం, దానికి ఇంత హిసాబ్ ఎందుకు?’ అనే దోస్తులు ఉంటారు. వినోదమే అయితే టికెట్ కొన్నవాడు చూసి ఇంటికి పోతాడు. ‘మీ రోడ్డు కోసమే’ అని దావా చేసిన చోట సబూత్ అడిగే హక్ రోడ్డు మీద నడిచేవాడికి ఉంది.

నేను పెద్ద కోరికలేం కోరడం లేదు. నుస్ఖా దాచుకోండి, మీ మాల్ మీ ఇష్టం. కానీ ఆ ఇంధనం దేని నుంచి తీశారో, ఎంత ఖర్చయిందో బయటపెట్టండి. మిస్త్రీలకు ఏటా పంచే క్యాలెండర్లు, టీషర్టులతో పాటు తెలుగులో, ఉర్దూలో ఒక్క కాగితం ఇవ్వండి. ఏ సాల్ బండికి ఈ20 సరిపోతుంది, ఏ పైపు మార్చాలి, ఏ ఆయిల్ పోయాలి అని రాసిన కాగితం. కంపెనీ ఏజెంటు ఈసారి స్టిక్కర్ల కట్టతో వస్తే, మిస్త్రీ భాయియో, ముందు ఆ కాగితం అడగండి.