చేపలకు ‘స్మార్ట్’ కాపలా!

నాలుగు రోజులు ఊరెళ్లాలి. పాలవాడికి చెప్పారు. గ్యాస్ కట్టేశారు. తులసికోటకు నీళ్లు పోయమని పక్కింటివాళ్లకు అప్పగించారు. మరి హాల్లో ఉన్న అక్వేరియం మాటేమిటి? అందులో నిజమైన నీటిమొక్కలు కూడా పెరుగుతుంటే... వాటికి వెలుతురు, కార్బన్ డయాక్సైడ్, ఎరువు అన్నీ వేళకు అందాలి కదా!

గాజుతొట్టిలో అడవిని, కొండను పెంచే ఈ ముచ్చటను ప్రపంచానికి అంటించినవారిలో ముఖ్యుడు జపాన్ ఫొటోగ్రాఫర్ తకాషి అమానో (1954-2015). లిస్బన్ ఓషనేరియంలో 2015లో ఆయన తీర్చిదిద్దిన తొట్టి పొడవు 40 మీటర్లు, పట్టే నీళ్లు 1,60,000 లీటర్లు! మనింటి రెండడుగుల తొట్టిలో పట్టేది యాభై అరవై లీటర్లే. అయినా చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. నీళ్లు తక్కువ కాబట్టి వేడి పెరిగినా, గాలి తగ్గినా చేపలకు వెంటనే తెలిసిపోతుంది.

అందుకే చాలామంది స్మార్ట్ ప్లగ్గులు, సెన్సర్లు పెట్టి ఆ పనులు ఫోన్‌కు అప్పగిస్తున్నారు. మంచిదే. కాకపోతే ఏ పరికరాన్ని కొనేముందైనా ఒక ప్రశ్న వేసుకోండి. ‘ఇది చెడిపోతే చేపలకు ఏమవుతుంది?’

లైటుతో మొదలుపెట్టండి

నీటిమొక్కలకు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల వెలుతురు చాలు. మనం టీవీ చూస్తూ అర్ధరాత్రి దాకా లైటు వదిలేస్తే మొక్కలకన్నా నాచే ముందు పెరుగుతుంది. స్మార్ట్ ప్లగ్ అయితే మరిచిపోదు. ఒకవేళ అది మొరాయించి రెండు రోజులు చీకటిగా ఉన్నా ప్రాణాలకేం ముప్పు లేదు. కాబట్టి ఈ పని ధైర్యంగా అప్పగించేయొచ్చు.

గ్యాస్‌తో జాగ్రత్త

మొక్కలు ఏపుగా పెరగాలని కొందరు సిలిండర్‌తో కార్బన్ డయాక్సైడ్ ఇస్తారు. లైటు వెలగడానికి గంటా రెండు గంటల ముందు మొదలుపెట్టి, లైటు ఆరడానికి గంట ముందే ఆపాలి. ఎందుకంటే చీకటి పడ్డాక మొక్కలు కూడా చేపల్లాగే ఆక్సిజన్ తీసుకుంటాయి. రాత్రంతా గ్యాస్ వదిలితే తెల్లారేసరికి చేపలు నీటిపైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇంకా ఆలస్యమైతే మిగలవు. కరెంటు పోగానే దానంతటదే మూసుకునే వాల్వ్‌నే ఎంచుకోండి. తొట్టిలో డ్రాప్ చెకర్ వేలాడదీయండి. అందులోని ద్రవం ఆకుపచ్చగా ఉంటే సరిపోయినట్టు. నీలంగా ఉంటే గ్యాస్ తక్కువ, పసుపైతే ఎక్కువ. అయితే ఈ రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది. ఈలోగా చేపల తీరు గమనిస్తూ ఉండాలి.

వేసవిలో ఫ్యాన్, చలిలో హీటర్

నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే! నీళ్లలో ఓ సెన్సర్ ఉంచి, 28 డిగ్రీలు దాటగానే తొట్టిపై చిన్న ఫ్యాన్ తిరిగేలా పెట్టుకోవచ్చు. నీరు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. హైదరాబాద్ పొడి ఎండల్లో ఇది బాగా పనిచేస్తుంది. విశాఖ ఉక్కపోతలో అంత ఫలితం ఉండదు.

చలికాలంలో హీటర్ వాడితే రెండు కాపలాలు ఉండాలి. హీటర్‌లోని థర్మోస్టాట్‌ను 25 దగ్గర ఉంచండి. నీళ్లు 27 దాటితే స్మార్ట్ ప్లగ్ కరెంటు ఆపేసేలా చూడండి. ఒకటి ఇరుక్కుపోయినా రెండోది ఆదుకుంటుంది.

ఫిల్టర్‌కు టైమర్ వద్దు

చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను విరిచేసే మంచి బ్యాక్టీరియా ఫిల్టర్‌లోనే కాపురం ఉంటుంది. నీళ్లు పారుతుంటేనే దానికి ఊపిరి. అందుకే ఫిల్టర్ రేయింబవళ్లూ నడవాల్సిందే. దాన్ని మామూలు ప్లగ్‌లోనే ఉంచండి. కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఉంటే నిశ్చింత.

ఆవిరైన నీటిని వాటంతటవే నింపే పంపులూ ఉన్నాయి. వాటిని ఓవర్‌హెడ్ ట్యాంకుకు కలపకండి. అయిదు లీటర్ల బకెట్‌లో పెట్టండి. సెన్సర్ పొరబడినా పొంగేది ఆ అయిదు లీటర్లే. ఇక మేత మిషన్ గురించి... ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు మూడు నాలుగు రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటాయి. తేమకు గింజలు ముద్దకట్టి ఒకేసారి పడితేనే నీళ్లు పాడవుతాయి.

పది నిమిషాల పరీక్ష

అన్నీ అమర్చాక ఓ ఆదివారం మెయిన్ స్విచ్ ఆపి, పది నిమిషాల తర్వాత వేయండి. కొన్ని స్మార్ట్ ప్లగ్గులు కరెంటు వచ్చాక ఆఫ్‌లోనే ఉండిపోతాయి. ఏది లేచింది, ఏది లేవలేదో చూసుకుని సెట్టింగ్ మార్చండి. వై-ఫై కూడా ఆపి, లైటు వేళకు వెలుగుతోందో లేదో గమనించండి.

వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చడం, ముదిరిన ఆకులు కత్తిరించడం మాత్రం మన పనే. ఆ పని పిల్లలతో కలిసి చేయండి. ఏ చేప ముభావంగా ఉందో, ఏది మేతకు రావడం లేదో ఏ సెన్సర్ కన్నా ముందు వాళ్లే చెప్పేస్తారు!