డెబ్బై రెండా, నూట ఎనిమిదా?

ఈ వారం కాస్త చెవులు చిల్లులు పడే విషయం. హెవీ మెటల్. 'ఆ గోల మాకెందుకండీ' అనుకునేవాళ్లు కూడా సగం దాకా రండి. మీ ఇంటి సంగతి కూడా ఇందులో ఉండొచ్చు.

మాది అజీజ్‌నగర్. మెహిదీపట్నం నుంచి చేవెళ్ల రోడ్డు పట్టుకుంటే పోలీస్ అకాడమీ దాటాక వస్తుంది. ఒక పక్క హిమాయత్ సాగర్, ఇంకో పక్క గండిపేట. ఆ రెండు చెరువుల కోసం 1996లో తెచ్చిన 111 జీవో పుణ్యమా అని మా చుట్టూ ఆకాశాన్నంటే బిల్డింగులు లేవలేదు. అందుకే సాయంత్రం మేడ మీద స్పీకర్ పెట్టి మెటాలికా వింటే అడిగేవాళ్లు లేరు. మా ఆవిడ తప్ప.

ఈ పిచ్చి నాకు పద్దెనిమిదో ఏట పట్టింది. 1991లో వచ్చిన బ్లాక్ ఆల్బమ్‌ని ఆబిడ్స్‌లో ఖాళీ కేసెట్ ఇచ్చి రికార్డ్ చేయించుకున్నా. అది అరవై నిమిషాల కేసెట్. ఆల్బమ్‌దేమో అరవై రెండున్నర నిమిషాలు. దాంతో ఏ సైడ్‌లో ఆరో పాట సగంలోనే టక్కున తెగిపోయేది. ఆ పాట అంతేనేమో, ఇదేదో కొత్త స్టైల్ కాబోలు అని నాలుగేళ్లు నమ్మాను. తర్వాత సీడీలో పూర్తి పాట విని, నా సగం పాటే బాగుందనుకున్నా. ప్రేమ అంటే ఇంతే కదా, ఉన్నదాన్నే గొప్పది అనుకోవడం.

ఆ ప్రేమ వల్లనే 2003లో నాకు నేనే అబద్ధం చెప్పుకున్నా. ఆ జూన్‌లో 'సెయింట్ యాంగర్' వచ్చింది. డెబ్బై అయిదు నిమిషాల్లో ఒక్క గిటార్ సోలో లేదు. లార్స్ అల్రిక్ స్నేర్ డ్రమ్ మోత స్టీలు బిందె మీద గరిటెతో కొట్టినట్టుంది. అయినా 'కావాలనే అలా చేశారు, మనకే అర్థం కావట్లేదు' అని స్నేహితులతో వాదించా. ఏడాది తర్వాత చూసుకుంటే ఆ సీడీ నేను మొత్తం విన్నది మూడే మూడుసార్లు. అప్పుడే ఒట్టు పెట్టుకున్నా, ఇష్టమైనవాళ్ల విషయంలో అబద్ధం ఆడొద్దని.

2011 అక్టోబర్ 30న వాళ్లను కళ్లారా చూశా, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. అంతకు రెండు రోజుల ముందే గుర్‌గావ్‌లో జరగాల్సిన షో రద్దయింది, కోపం పట్టలేక జనం స్టేజీ మీద పడ్డారు. ఇక్కడైనా జరుగుతుందో లేదో అని దడదడలాడుతూనే హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కాం. జరిగింది. మా అక్క కొడుక్కి నల్ల టీషర్టు తెచ్చా. వాడికప్పుడు ఆరేళ్లు. వేసుకుంటే మోకాళ్ల దాకా వచ్చింది. 'వీడేమన్నా తాతనా, గింత పెద్దది తెచ్చినవ్' అని అక్క తిట్టింది.

ఇక అసలు కథకొస్తా.

2023 ఏప్రిల్ 14న మెటాలికా '72 సీజన్స్' విడుదలైంది. అంతకుముందు ఆల్బమ్ 2016లోది, అంటే ఏడేళ్ల ఎదురుచూపు. ఆ పేరుకో అర్థం ఉంది. ఏడాదికి నాలుగు సీజన్ల చొప్పున పద్దెనిమిదేళ్లకు డెబ్బై రెండు. మనిషి జీవితంలో మొదటి పద్దెనిమిదేళ్లలో అతని మీద పడిన ముద్రలే తర్వాతంతా వెంటాడతాయనేది పాడే జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఆలోచన. అతనికి ఆ హక్కుంది. పదమూడేళ్లప్పుడు తండ్రి ఇల్లొదిలి వెళ్లిపోయాడు. పదహారేళ్లప్పుడు తల్లి క్యాన్సర్‌తో పోయింది. మందులు వాడకూడదనే మత విశ్వాసం ఆ ఇంట్లో. తాగుడు మానేందుకు 2001లో ఒకసారి, 2019లో ఇంకోసారి చికిత్సకు వెళ్లొచ్చాడు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి ఇదంతా పాటల్లో పెట్టాడంటే గుండె పట్టుకుని వినాల్సిందే.

విన్నా. మొత్తం పన్నెండు పాటలు, డెబ్బై ఏడు నిమిషాలు. విని, స్పీకర్ ఆపి, కిందికొచ్చి మా ఆవిడతో అన్నా: 'పప్పులో అన్నీ వేశారు, తాలింపు మర్చిపోయారు.'

'పాటలు మరీ పొడుగు' అని చాలామంది అన్నారు. లెక్కేసి చూస్తే అది నిజం కాదు. 1986లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'లో ఎనిమిది పాటలు, దాదాపు యాభై అయిదు నిమిషాలు. పాటకు సగటున ఆరు నిమిషాల యాభై సెకన్లు. కొత్త ఆల్బమ్‌లో సగటు ఆరు నిమిషాల పాతిక సెకన్లే. అంటే పాతవే పొడుగు! మరి అప్పుడెందుకు విసుగు రాలేదు? ఆ పాటలు నడిచేవి. టైటిల్ పాటనే తీసుకోండి. ఎనిమిదిన్నర నిమిషాల్లో పరుగు మొదలెట్టి, మధ్యలో ఒక్కసారిగా ఆగి, నెమ్మదిగా రెండు గిటార్లు మాట్లాడుకుని, అక్కడి నుంచి మళ్లీ కోపం పుంజుకుని ఇంకో దారిన బయటపడుతుంది. పాట మొదలైన చోటు వేరు, చేరిన చోటు వేరు. '72 సీజన్స్'లో చాలా పాటలు ఒక రిఫ్‌ను పట్టుకుని, చరణం, పల్లవి, చరణం, పల్లవి, ఒక సోలో, మళ్లీ పల్లవి. బయల్దేరిన బస్టాండుకే తిరిగొస్తాయి.

ఆ సోలోల సంగతీ చెప్పాలి. కర్క్ హ్యామెట్ కాలు వావా పెడల్ మీంచి దిగదు. ముందే కూర్చి పెట్టుకోకుండా అప్పటికప్పుడు వాయించానని ఆయనే చెప్పాడు. అలా వాయించడం తప్పేం కాదు, మన సంగీతంలో మనోధర్మం అంటే అదేగా. కాకపోతే మనోధర్మానికి మనసు కొత్త చోటుకి వెళ్లాలి. ఇక్కడ వేళ్లు అలవాటైన చోట్లకే వెళ్లాయి.

నిడివి సంగతి కూడా ఒకటుంది. ఎల్పీ రికార్డు రోజుల్లో ఒక్కో వైపు పాతిక నిమిషాలు దాటితే శబ్దం పలచబడేది. కాబట్టి కోయాల్సి వచ్చేది. సీడీ వచ్చాక ఎనభై నిమిషాల దాకా పట్టింది. 1996లో 'లోడ్' డెబ్బై తొమ్మిది నిమిషాలు, 2003లో డెబ్బై అయిదు, 2008లో డెబ్బై అయిదు, 2016లో డెబ్బై ఏడు, ఇప్పుడూ డెబ్బై ఏడు. జాగా ఉందని సామాను నింపే ఇల్లు చూశారా, అలా అయింది. నా అరవై నిమిషాల కేసెట్ పాటను తెంపిన పాపమైతే చేసింది గానీ, కోత విలువ నేర్పింది. ఇందులోంచి నాలుగు పాటలు తీసేస్తే మంచి ఆల్బమ్ మిగిలేది.

బాగున్నవి లేవా? ఉన్నాయి. 'లక్స్ ఎటర్నా' మూడున్నర నిమిషాల్లోపే దుమ్ము లేపి వెళ్లిపోతుంది, 1983 నాటి కుర్రాళ్లు గుర్తొస్తారు. హెట్‌ఫీల్డ్ కుడిచేయి ఈ వయసులోనూ అలుపు లేకుండా మీటుతూనే ఉంది. రాబర్ట్ ట్రుహీలో బేస్ చక్కగా వినపడుతుంది, 1988 ఆల్బమ్‌లో బేస్ కోసం చెవులు రిక్కించి వెతుక్కున్న మా తరానికి అదే పెద్ద వరం.

ఇదంతా నేను అప్పుడే, ఆ ఏప్రిల్లోనే, మా మేనల్లుడి ముందు ఏకరువు పెట్టా. వాడప్పుడు మా దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకదాంట్లో ఫస్టియర్. ఆరేళ్ల నాటి ఆ టీషర్టు ఇప్పుడు ఒంటికి సరిగ్గా సరిపోయింది. వాడు మెటాలికాకు వచ్చింది నా వల్ల కూడా కాదు. 2022లో 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్‌లో ఒక కుర్రాడు 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' వాయించాడు కదా, ముప్ఫై ఆరేళ్ల ఆ పాట ప్రపంచమంతా మళ్లీ చార్టుల్లోకెక్కింది, ఆ వరదలో వచ్చాడు. కాబట్టి '72 సీజన్స్' వాడి జీవితంలో వచ్చిన మొదటి కొత్త మెటాలికా ఆల్బమ్. నాకు 1991 ఎలాగో వాడికి 2023 అలాగ.

ఆ సంగతి నాకు తట్టలేదు. నేను దంచుకుంటూ పోయా. మా ఊరి మీదుగానే చిలుకూరు బాలాజీకి వెళ్తారు కాబట్టి ఉపమానం కూడా దొరికింది. 'గుడి చుట్టూ తిరిగినట్టు ఒకే రిఫ్ చుట్టూ తిరుగుతున్నార్రా' అన్నా.

వాడు తల ఎత్తకుండానే అన్నాడు: 'గుడి చుట్టు ఎవరన్న కొత్తగ తిరుగుతరా మామా?'

నాకు మాట రాలేదు. వాడే మళ్లీ అన్నాడు: 'నీకు రిఫ్ వినపడ్తుంది. నాకు మాట వినపడ్తుంది. మూడో పాట విన్నవా నువ్వు?'

మూడో పాట 'స్క్రీమింగ్ సూసైడ్'. విన్నా, నా కాగితం మీద 'వేగం ఓకే, పల్లవి పాతదే' అని రాసుకున్నా కూడా. ఆ పేరు చూసి భయపడకండి. చచ్చిపోవాలన్న ఆలోచన మనసులోకి వచ్చినప్పుడు దాన్ని మాటగా బయటికి చెప్పుకోవచ్చు, చెప్పుకోవాలి, అది నీ ఒక్కడికే వచ్చింది కాదు అనే పాట. ఆ మాట ఎత్తడానికే జనం భయపడతారనే హెట్‌ఫీల్డ్ దాన్ని రాశాడు.

వాడు చెప్పింది ఇది. ఫస్ట్ సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. బావ అప్పు చేసి ఫీజు కట్టాడని వాడికి తెలుసు. హాస్టల్లో రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. 'పిచ్చి పిచ్చి ఆలోచనలు వచ్చినయ్ మామా' అన్నాడు. ఆ పాట విన్న రాత్రి రూమ్మేట్‌ను లేపి చెప్పాడట. ఆ పిల్లాడికీ రెండు పోయాయట. ఇద్దరూ తెల్లారేదాకా మాట్లాడుకున్నారట.

పది నిమిషాల కింద నేను స్నేర్ డ్రమ్ గురించి లెక్చర్ ఇస్తున్నా. వాడు పక్కన కూర్చుని ఇది మోస్తున్నాడు.

2019 ఏప్రిల్లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో ఎన్ని ఇళ్లల్లో ఏడుపులు వినపడ్డాయో మనం మర్చిపోలేదు. అప్పుడు అందరం అన్నాం, పిల్లలతో మాట్లాడాలి అని. మాట్లాడటమంటే మనం మాట్లాడటం అనుకున్నాం. ఆ రోజే వాణ్ని బండెక్కించుకుని అక్క వాళ్లింటికి తీసుకెళ్లా. బావ విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత 'సబ్జెక్టులు మళ్ల రాయొచ్చు, నువ్వు తిను ముందు' అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు వాడు ఒక డాక్టరమ్మ దగ్గరికి కూడా వెళ్లొచ్చాడు.

మరి ఇప్పుడు ఆల్బమ్ మీద నా తీర్పు మార్చుకోవాలా? ఆ రాత్రి ఇంటికొచ్చి మేడ మీద మళ్లీ మొదట్నుంచీ విన్నా, ఈసారి మాటల కోసం. మాటలు నేననుకున్నదాని కంటే నిజాయితీగా ఉన్నాయి. ఆఖరి పాట 'ఇనమొరాటా' దగ్గర ఆగిపోయా. పదకొండు నిమిషాల పది సెకన్లు, వాళ్ల కెరీర్‌లోకెల్లా పొడుగైన పాట. దుఃఖాన్నే ప్రియురాలిగా చేసుకున్నవాడి కథ. మధ్యలో అంతా సద్దుమణిగి బేస్ ఒక్కటే నెమ్మదిగా నడుస్తుంది. డెబ్బై నిమిషాలుగా వెతుకుతున్న మలుపు అక్కడ దొరికింది. మిగతా పదకొండు పాటల్లో అది లేదు కదా అన్న బాధ ఇంకా పెరిగింది కూడా. మంచి ఉద్దేశం రిఫ్‌ను మంచి రిఫ్ చేయదు. కానీ మామూలు పాట కూడా ఒకరి చెయ్యి పట్టుకోగలదు. రెండూ నిజమే. ఒకటి నిజమని రెండోదాన్ని కొట్టిపారేయడమే నేను చేసిన పొరపాటు.

ఇంకో లెక్క కూడా ఆ రాత్రే తట్టింది. వాళ్లకు ఏడాదికి నాలుగు సీజన్లు. మనకు ఋతువులు ఆరు. పద్దెనిమిదేళ్లంటే మన లెక్కలో డెబ్బై రెండు కాదు, నూట ఎనిమిది. చిలుకూరులో కోరిక కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. పద్దెనిమిది నిండిన ప్రతి పిల్లాడూ ఒక మొక్కు తీర్చుకుని వచ్చినట్టే. ఆ చుట్లలో వాడి కాళ్లు ఎంత నొప్పి పెట్టాయో బయట చెప్పుల దగ్గర నిలబడ్డ మనకు తెలియదు.

ఇన్నాళ్లూ ఇది రాయలేదు, వాడి సంగతి కాబట్టి. ఇప్పుడు ఫైనలియర్, సబ్జెక్టులన్నీ క్లియర్. కిందటి ఆదివారం గిటార్ భుజానేసుకుని వచ్చి, సొంతంగా కట్టిన పాట వినిపించి 'ఎట్లుంది?' అన్నాడు. 'బాగుందిరా' అన్నా. 'మెటాలికాకైతే నిజం చెప్తవు, నాకు చెప్పవా?' అన్నాడు. చెప్పా. పల్లవి రెండుసార్లు ఎక్కువొచ్చింది, మధ్యలో ఒక మలుపు కావాలి అని. నవ్వుతూ రాసుకున్నాడు. వెళ్లేటప్పుడు 'నా సంగతి రాయి మామా, పేరు రాయకు' అన్నాడు.

'72 సీజన్స్': ఐదుకు రెండున్నర. ఈ మార్కు మార్చను. మూడో పాటకు మాత్రం మార్కులు వేసే అర్హత నాకు లేదు, అది మా వాడికే వదిలేశా.

మీ ఇంట్లో ఎవరైనా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గదిలోంచి బయటికి రావడం లేదా? ఏం వింటున్నావని అడగండి. అడిగి, మీరు కాసేపు మాట్లాడకండి. ఇంట్లో చెప్పుకోలేనివాళ్లకు టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.