బెల్లం పెనంలో తామరపూలు



పాత సామానుకి మన దగ్గర రెండు ధరలున్నాయి. ఒకటి, మైకు పెట్టుకుని మన పేటలోకి వచ్చే పాత ఇనప సామాన్ల బండివాడు చెప్పే ధర. అది కిలోల లెక్క. రెండోది, నగరాల్లో ఏటా జరిగే పూల ప్రదర్శనల్లో, నర్సరీ మేళాల్లో, ‘వింటేజ్’ అని బోర్డు కట్టిన స్టాళ్లలో అడిగే ధర. అది మోజు లెక్క. వస్తువు ఒకటే. ఈ ధర నుంచి ఆ ధరకి వెళ్లేలోగా దాన్ని చేసినవాళ్ల పేరూ, మోసినవాళ్ల పేరూ పోతాయి. ఈ వారం ఆ పోయిన పేర్ల గురించి మాట్లాడుకుందాం.

మొన్న చలికాలంలో మా కాలేజీ పిల్లలు నలుగురు నన్ను విశాఖలో అలాంటి ప్రదర్శన ఒకదానికి లాక్కెళ్లారు. తెలుగు శాఖ గోడపత్రికకి కొత్త ఆలోచనలు దొరుకుతాయని వాళ్ల ఆశ. దొరికాయి కూడా. చామంతులు, బోన్సాయిలు, ఆర్కిడ్లు దాటుకుని లోపలికి వెళ్తే ‘పల్లె వాతావరణం’ అని ఒక మూల కట్టారు. తెల్లరంగు వేసిన ఎడ్లబండి చక్రం గోడకి ఆనించి ఉంది. తిరగలి రాళ్లు గడ్డిలో అడుగులు వేసే బండలయ్యాయి. గంగాళంలో మనీప్లాంటు. రుబ్బురోలు గుంటలో నుంచి మోటారు పెట్టి నీళ్లు పైకి చిమ్ముతున్నారు. అన్నిటికీ నడుమ బెల్లం వండే పెద్ద ఇనప పెనం. దాని నిండా నీళ్లు, నీళ్లలో తామరపూలు. జనమంతా అక్కడే సెల్ఫీలు.

మా పిల్లల్లో ఒకడు ఫోను తీయలేదు. వంగి పెనం అంచు తడిమి చూశాడు. వాళ్ల నాన్న మా చోడవరం పక్క ఊళ్లోనే బెల్లం పొయ్యి దగ్గర కూలీ. “సార్, మా నాన్న మోచెయ్యి కాలింది ఇలాంటిదాని దగ్గరే” అన్నాడు, మామూలుగా, బస్సు టైము చెప్పినట్టు. తర్వాత స్టాలాయన్ని ధర అడిగాడు. ఆయన చెప్పిన అంకె విని నవ్వాడు.

మా ప్రాంతం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ పేరు తెలియని రైతు లేడు. కానీ బెల్లం దిమ్మ మీద ఎవరి వేలిముద్రలుంటాయో ఆలోచించేవాళ్లు తక్కువ. చెరుకు నరికేది ఒకరు, గానుగలో పెట్టేది ఒకరు, ఎండిన పిప్పి పొయ్యిలోకి ఎగదోసేది ఒకరు, మరిగే పాకం మీద మడ్డి తీసేది ఒకరు. ఒక్క క్షణం చూపు తప్పితే చర్మం పోతుంది. ఆ పెనం మీద తామరపూలు వేయడం నేరమని నేననను. పూలంటే నాకు పగలేదు. ఆ పెనం పక్కన ‘అలంకరణ తొట్టి’ అని మాత్రమే రాసిన చీటీ దగ్గరే నా తగువు.

అసలు ప్రదర్శన అనేది చెడ్డ ఆలోచనేమీ కాదు. హైదరాబాద్ నాంపల్లి నుమాయిష్ 1938లో మొదలైంది పబ్లిక్ గార్డెన్స్ తోటలోనే. ఉస్మానియా పట్టభద్రులు స్థానికంగా తయారయ్యే సరుకుల్ని జనానికి చూపించాలని దాన్ని పెట్టారు. చేసిన చేతుల్ని చూపించాలన్నదే దాని పునాది. ఇవాళ నెక్లెస్ రోడ్డులో జరిగే నర్సరీ మేళాలకి కడియం, కడియపులంక నుంచి లారీల్లో మొక్కలొస్తాయి. వాటిని చూసి ఆనందించండి, కొనుక్కోండి. కానీ ఆ నల్ల సంచుల్లో మట్టి నింపినవాళ్లు, అంట్లు కట్టినవాళ్లు రోజుకూలీలని కూడా గుర్తుంచుకోండి. ప్రదర్శన మైదానాన్ని తెల్లారకముందే ఊడ్చిపోయినవాళ్లు ఎవరో విశాఖలో ఎవర్నడిగినా చెప్తారు. మన రెల్లి అక్కచెల్లెళ్లు. చీపురు ఏ పురావస్తు స్టాల్లోనూ కనబడదు. దానికి ఇంకా పని ఉంది మరి.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఏది పురావస్తువు?

1972 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఒక వస్తువు పురావస్తువు కావాలంటే కనీసం 100 ఏళ్లు నిండాలి. చారిత్రక, సాహిత్య విలువున్న రాతప్రతులకైతే 75 ఏళ్లు. చూడ్డానికి కులం లేని నియమం. కానీ ఆలోచించండి. ఒక వస్తువు వందేళ్లు నిలవాలంటే దాని మీద వందేళ్లు నిలిచే కప్పుండాలి. మేడ అటక మీద వెండి పన్నీరుబుడ్డి నాలుగు తరాలు భద్రంగా ఉంటుంది. తాటాకు గుడిసెలో ఏముంటుంది? ఒక తుఫానుకి కప్పు పోతుంది, ఒక నిప్పురవ్వకి గోడ పోతుంది. బోయి భీమన్నకి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన కావ్యం పేరు ‘గుడిసెలు కాలిపోతున్నాయ్’. ఆ పేరొక్కటి చాలు, మన అటక మీద ఏమీ ఎందుకు మిగల్లేదో చెప్పడానికి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక మా పేటలో మామ్మలు వెతుక్కున్నవి నగలు కాదు. రేషన్ కార్డు, పిల్లాడి టెన్త్ సర్టిఫికెట్, పోయినాయన ఫొటో. చట్టం అడిగిన వందేళ్లు మనకి ఎవరూ ఇవ్వలేదు.

ఉన్నవాటి పేర్లు కూడా మారిపోతాయి. మాకు దగ్గర్లోనే, అనకాపల్లి పక్క శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. 1900ల మొదటి దశకంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపించాడు. కొండని తొలిచిన గుహలు, బుద్ధుడి విగ్రహాలు, పక్క కొండ నిండా రాతిస్తూపాలు. బుద్ధుడి కొండే జనం నోట్లో బొజ్జన్నకొండ అయిందంటారు. స్తూపాలు లింగాల్లా కనిపించి పక్కది లింగాలకొండ అయింది. అంతటితో ఆగలేదు. ఏటా కనుమ పండగ నాడు అక్కడికి చేరే జనం, అక్కడున్నది రాక్షసుడనుకుని రాళ్లు విసిరేవాళ్లు. చరిత్ర మీద ప్రేమున్నవాళ్లు పూనుకుని నచ్చజెప్పాక ఆ ఆచారం ఆగింది. సమానత్వం చెప్పినవాడి కొండ మీద, ఆ సమానత్వం అవసరమైనవాళ్ల చేతే రాళ్లు వేయించగలిగింది పేరు మార్పు. వస్తువు మిగిలినంత మాత్రాన చరిత్ర మిగిలినట్టు కాదు. చీటీ మీద పేరు రాసేవాడి చేతిలో ఉంటుంది దాని బతుకు.

మనవాళ్లలోనే కొందరు అడుగుతారు. “ఆ పాతవన్నీ మనకెందుకు? అవి మన అవమానాల గుర్తులు. బాబాసాహెబ్ 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతినే తగలబెట్టాడు. మనం చెప్పులు కుట్టే ఆరెని, చాటింపు డప్పుని దాచుకోవాలా?” ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. మా ఇంట్లోనే ఈ తగువుంది. మా మామ్మ దగ్గర ఒక కుంచం ఉండేది. ఆసామి కళ్లంలో కూలిగింజలు కొలిచింది దానితోనే అనేది. “ఆళ్లు తీసుకునే కుంచం వేరు, మనకి కొలిచే కుంచం వేరురా” అని నవ్వుతూ చెప్పేది. మా నాన్నకి ఆ నవ్వు నచ్చేది కాదు. మామ్మ పోయాక దాన్ని ఇనప సామాను బండికి వేసేశాడు. నా చదువు ఫీజులో ఎన్ని రూపాయలకి అది పనికొచ్చిందో నాకు తెలీదు. ఆయన్ని తప్పు పట్టను. ఆకలి కొలిచిన పాత్రని ఇంట్లో పెట్టుకుని రోజూ చూడమని ఎవరికీ చెప్పే హక్కు నాకు లేదు.

కానీ డప్పు కథ చూడండి. ఊరి పెద్దలు కొట్టమన్నప్పుడు కొట్టాల్సిన డప్పుని, చావుకీ చాటింపుకీ కట్టేసిన డప్పుని, ఇక కొట్టమని విసిరేసిన యువకులు ఎన్నో ఊళ్లలో ఉన్నారు. అది పోరాటమే. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టినప్పుడు అదే డప్పు మళ్లీ చేతికొచ్చింది, ఈసారి ఎవరి ఆజ్ఞా లేకుండా. విసిరేయడమూ మనమే చేశాం, ఎత్తుకోవడమూ మనమే చేశాం. వస్తువులో అవమానం లేదు. అది ఎవరి మాట మీద మోగుతుందన్నదాంట్లోనే ఉంది. మనం దాచకపోతే ఆ డప్పు ఎక్కడికీ పోదు. ఏదో రిసార్టు గోడ మీద మేకుకి వేలాడుతుంది, కింద ‘గ్రామీణ కళ’ అని చీటీతో.

కారంచేడుని గుర్తు చేసుకోండి. తాగే చెరువు నీళ్లు పాడు చేయొద్దన్నందుకు మొదలైన గొడవ అది. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త తన మీదికొచ్చిన దెబ్బని ఆపుకోవడానికి చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు, 1985 జూలై 17న, ఆరుగురు మాదిగల్ని వేటాడి చంపారు. ఆ బిందె కంటే విలువైన పురావస్తువు మన కాలంలో ఏముంది? దానికి వందేళ్లు నిండలేదు. చట్టం లెక్కలో అది వట్టి బిందె.

ఇలాంటి పని చేసి చూపించినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో నల్లజాతివాళ్ల చరిత్ర కోసం జాతీయ మ్యూజియం కట్టాలనుకున్నప్పుడు వాళ్ల చేతిలో వస్తువుల్లేవు. ఊరూరా తిరిగి, మీ ట్రంకుపెట్టెల్లో ఏముందో తెచ్చి చూపించండని జనాన్నే అడిగారు. బానిసల్ని విడిపించిన హేరియట్ టబ్‌మన్ శాలువా అలా ఒక సేకర్త ఇచ్చిందే. దక్షిణ కరోలినాలోని ఒక తోట నుంచి బానిసలుండే చెక్క గుడిసెని పలకలు పలకలుగా విప్పి తెచ్చి లోపల మళ్లీ నిలబెట్టారు. 2016 సెప్టెంబరు 24న వాషింగ్టన్‌లో దాని తలుపులు తెరిచారు. దొరల తోటబంగళాలు ఆ దేశంలో ఎన్నో ఉన్నాయి, టికెట్టు కొని చూడొచ్చు. వాళ్లు ఆ తోటల్ని నరకలేదు. తోట వెనక గుడిసెని ముందుకి తెచ్చారు.

మన దగ్గర జయధీర్ తిరుమలరావు గారు దశాబ్దాలుగా ఆదివాసీ, జానపద వాద్యాలు, పనిముట్లు సేకరించి ‘ఆద్యకళ’గా చూపించారు. ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్’ అని 2007లో కంచ ఐలయ్య గారు పిల్లల కోసం రాసిన పుస్తకం కుమ్మరి, మాదిగ, చాకలి పనుల్లో ఉన్న విజ్ఞానాన్ని పాఠంగా చెప్పింది. దారి వేసి ఉంది. నడవడమే మిగిలింది.

అందుకే విద్యార్థి మిత్రులకి నా మాట. ప్రదర్శనలకి వెళ్లండి, మానొద్దు. అందం మనది కాదని ఎవరు చెప్పినా నమ్మొద్దు. మా అమ్మ తారు డబ్బాలో కనకాంబరాలు పెంచింది, ఓటికుండలో గన్నేరు పెంచింది. మా వాకిట్లో ఓటికుండ ఉంటే లేమి అన్నారు, స్టాల్లో ఉంటే కళ అంటున్నారు. ఆ రెండు మాటల మధ్య దూరం కొలవడమే మన చదువు.

వచ్చే ఏప్రిల్లో అంబేడ్కర్ జయంతి నాటికి ఒక పని చేద్దాం. ఒక్కొక్కరు తమ పేటలో ఒక్క వస్తువు పట్టుకోండి. కొనొద్దు, తేవొద్దు, ఎవరి ఇంట్లోది వాళ్ల ఇంట్లోనే ఉండనివ్వండి. ఫొటో తీసి ఐదు సంగతులు రాయండి: మీ ఊళ్లో దాని పేరేంటి, ఎవరు చేశారు, ఎవరు వాడారు, ఎవరు ముట్టుకోకూడదన్నారు, ఎప్పుడు మూలపడింది. ముసలివాళ్ల మాటని వాళ్ల యాసలోనే రాయండి, దిద్దొద్దు. చెప్పడం ఇష్టం లేదంటే దండం పెట్టి వచ్చేయండి. ఆ మౌనం కూడా వాళ్లదే.

బండివాడు మైకు పెట్టుకుని వారం వారం వస్తూనే ఉన్నాడు. పేర్లు తెలిసిన మామ్మలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మనకి వందేళ్ల టైము లేదు.

జై భీమ్.