ఓటీపీ చెప్పడమే సమ్మతా?

ఇటీవల ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నా పక్కన కూర్చున్న స్త్రీ, తెల్లబట్ట అవుతోందని వచ్చానని మెల్లగా చెప్పింది. ఆమె వంతు వచ్చింది. చీటీ రాసే అమ్మాయి, "ఫోన్‌కి నంబరొచ్చింది, చెప్పమ్మా" అంది. ఫోను భర్త దగ్గరుంది. ఆ అమ్మాయే ఫోన్ చేసి ఇచ్చింది. నంబరు చెప్పేముందు అతను, "ఆసుపత్రికెందుకెళ్ళావ్?" అని అడిగాడు. పదిమంది ఎదుట ఆమె "ఒళ్ళు నొప్పులు" అంది. లోపల కూడా అదే చెప్పి, నొప్పుల మాత్రలు తీసుకుని వెళ్ళిపోయింది. కంప్యూటరు లెక్కలో మాత్రం ఆమె తన సమ్మతితో ఆరోగ్య ఖాతా తెరిచిన వ్యక్తి!

2021 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రతి మనిషికీ 14 అంకెల 'ఆభా' సంఖ్య ఇస్తోంది. రోగి అనుమతితో ఆమె రికార్డులు ఏ ఆసుపత్రిలోనైనా చూడవచ్చునని, ఇకపై వైద్యంలో రోగి కూడా భాగస్వామి అని చెబుతున్నారు.

ఈ ఆలోచనను తోసిపుచ్చనక్కరలేదు. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు దేశంలోకెల్లా ఎక్కువగా జరిగే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. ఆ ఆపరేషన్ అయిన స్త్రీలను, అండాశయాలు ఉంచారా, తీసేశారా అని అడిగి చూడండి. చాలామందికి తెలియదు. చెప్పినవాళ్ళు లేరు, చేతిలో కాగితమూ లేదు. రికార్డు నిజంగా స్త్రీ చేతికి వస్తే అది మనకు మేలే.

కానీ వస్తున్నది ఎవరి చేతికి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతమే. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు పురుషులలో 57 శాతం, స్త్రీలలో 33 శాతం. అంటే ఖాతా ఆమె పేర, తాళంచెవి భర్త జేబులో. గర్భస్రావం, లూపు, హెచ్.ఐ.వి. పరీక్ష, దెబ్బలకు వేసిన కుట్లు - వీటి వివరాలు ఆ ఫోనులోకి చేరితే ఇంట్లో ఏం జరుగుతుందో మనలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

1971 నాటి చట్టం ప్రకారం గర్భస్రావానికి వయోజన స్త్రీ సమ్మతి చాలు, భర్త సంతకం అవసరం లేదు. 2021 సవరణ ఆమె వివరాలు బయటపెట్టిన డాక్టరుకు జైలుశిక్ష కూడా పెట్టింది. చట్టం అడగని ఆ భర్త సంతకమే ఇప్పుడు ఫోను దారిన లోపలికి వస్తోంది. తప్పు యంత్రానిది కాదు. కుటుంబమంటే ఒకే ఫోను, ఒకే మనసు అనుకునే పితృస్వామ్య భావనది.

కనుక మనం అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఆభా స్వచ్ఛందమని ప్రభుత్వమే చెబుతోంది. ఆ మాట చీటీల గది గోడ మీద తెలుగులో రాయాలి. సంఖ్య లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదు. పునరుత్పత్తి, మానసిక ఆరోగ్యం, హింసకు సంబంధించిన రికార్డులు చేర్చేముందు స్త్రీని ఒంటరిగా, విడిగా అడగాలి. ఫోనున్నా లేకున్నా, ఏం వైద్యం చేశారో తెలుగు కాగితం ఆమె చేతికివ్వాలి.

మన శరీరాల గురించి మన భాషలో మనమే తెలుసుకోవాలని 1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. ఆ అవసరం తీరలేదు. ఈసారి మీ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినప్పుడు చీటీల దగ్గర కాసేపు నిలబడండి. నంబరు ఎవరు చెబుతున్నారో, ఎవరిని అడిగి చెబుతున్నారో గమనించి సంఘంలో చర్చకు పెట్టండి.