గౌరవధనంతో పూట గడుస్తుందా?

బాగేపల్లి, పావగడ తాలూకాల పల్లెల్లో ఇంట్లో తెలుగు తప్ప వేరే మాట వినని పిల్లలకు కన్నడ అక్షరాన్ని మొదట పరిచయం చేసేది అంగన్‌వాడీ టీచరమ్మే. పిల్లలతో తెలుగులో మాట్లాడి, రిజిస్టర్ కన్నడంలో రాస్తుంది. పిల్లల బరువులు, టీకాల రోజు ఇల్లిల్లూ తిరిగి పిలవడం, గర్భిణులకు మాతృపూర్ణ భోజనం, ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా. ఇవి చాలవన్నట్టు సెల్‌ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ ఒకటి. నెట్‌వర్క్ లేకపోతే ఆ తిప్పలు వేరు.

ఇంత చేసినా సర్కారు లెక్కలో ఆమె ఉద్యోగి కాదు. 'గౌరవ' కార్యకర్త! ఇచ్చేది జీతం కాదట, గౌరవధనమట. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైనప్పటి మాట ఇది. ఆ మాటను అడ్డం పెట్టుకునే కనీస వేతనం ఎగ్గొడుతున్నారు. వీళ్లవి సివిల్ పోస్టులు కావని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా కర్ణాటక కేసులోనే. అదే కోర్టు 2022 ఏప్రిల్‌లో గుజరాత్ కేసులో గ్రాట్యుటీకి వీళ్లు అర్హులేనంది. గ్రాట్యుటీకి పనికొచ్చిన చాకిరీ కనీస వేతనానికి ఎందుకు పనికిరాదో ఢిల్లీ వాళ్లే చెప్పాలి.

సరిహద్దు అవతల ఇంకో విచిత్రం. 2023 డిసెంబరులో ఆంధ్రాలో అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీదే ఉన్నారు. మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అంటే అత్యవసర సేవ అన్నమాట! డబ్బులిచ్చేటప్పుడు స్వచ్ఛంద సేవ, సమ్మె చేస్తే అత్యవసర సేవ. ఇదెక్కడి న్యాయం?

రాష్ట్రాలను మాత్రమే తిట్టి లాభం లేదు. కేంద్రం 2018 అక్టోబరులో కార్యకర్తకు 4,500, ఆయమ్మకు 2,250 రూపాయలుగా ఖరారు చేసింది. 2025లో కూడా అవే అంకెలు. ఆపైన ఎవరికి తోచింది వాళ్లు కలుపుతారు. అందుకే ఒకే పనికి గట్టుకు ఇటో రేటు, అటో రేటు. 2025-26 బడ్జెట్‌లో కర్ణాటక టీచరమ్మకు వెయ్యి, ఆయమ్మకు 750 పెంచింది. మంచిదే. కానీ పొయ్యి దగ్గర పొగ పీల్చేది, పిల్లల ముడ్డి కడిగేది ఆయమ్మ. ఆమెకు పెంపులోనూ కోతేనా?

వీళ్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, పింఛను ఇవ్వాలని 2013లోనే 45వ భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. యజమానులు, కార్మిక సంఘాలు, ప్రభుత్వం కూర్చున్న సభ అది. ఏటా బడ్జెట్‌లో వెయ్యి విదిల్చి చప్పట్లు కొట్టించుకునే బదులు, ఆ సిఫారసు అమలు చేయమని బెంగళూరు, అమరావతి కలిసి ఢిల్లీని అడగొచ్చు కదా.