పశువైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నలు

నలభై ఏళ్లు మనుషులకు వైద్యం చేసిన నేను, మా ఇంటి కుక్క విషయంలో ఒక పెద్ద తప్పు చేశాను. మా రాజా లాబ్రడార్. దాని దవడ కింద రెండు వైపులా గ్రంథులు ఉబ్బాయి. పంటి చీము కాబోలునని నాకు నేనే నిర్ణయించుకొని, ఇంట్లో ఉన్న మాత్రలు వేశాను. వాటిలో ప్రెడ్నిసొలోన్ కూడా ఉంది. మూడు రోజుల్లో వాపు తగ్గింది. ఇంట్లోవాళ్ల ముందు కాస్త గర్వపడ్డాను కూడా. నెల తిరగకుండానే వాపు మళ్లీ వచ్చింది, ఈసారి మోకాళ్ల వెనుక సైతం. అప్పుడు పశువైద్యుడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "స్టెరాయిడ్ ఏమైనా వాడారా?" అని.

అది లింఫోమా. స్టెరాయిడ్ ఆ కణాలను తాత్కాలికంగా కరిగిస్తుంది. దానివల్ల పరీక్షలో అసలు రోగం మరుగున పడవచ్చు. ఆ తరువాత ఇచ్చే కీమోథెరపీకి కణాలు లొంగకపోవచ్చు. కనుక "నిర్ధారణ అయ్యేదాకా ఏ మందు వేయకూడదు?" అన్నదే తొలి ప్రశ్న కావాలని నా అభిప్రాయం. నొప్పికని పిల్లికి పారాసిటమాల్ వేసేవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి. ఒక్క మాత్ర చాలు, దాని ప్రాణం తీయడానికి.

తరువాత, "ఇది క్యాన్సరేనని ఎలా తెలిసింది?" అని అడగండి. చేతితో తడిమి చెప్పిన మాట నిర్ధారణ కాదు. సన్నని సూదితో కణాలు తీయడం కొద్ది నిమిషాల పని. గడ్డను కోసి తీస్తే, దానిని పాథాలజీ పరీక్షకు పంపించమని పట్టుబట్టండి. పంపకపోతే కొంత ఖర్చు మిగిలిందనుకుంటాం. కానీ గడ్డ అంచుల్లో రోగకణాలు మిగిలాయో లేదో చెప్పగల సాక్ష్యాన్ని చెత్తబుట్టలో వేసుకున్నవారమవుతాం.

రోగం పేరు తెలియడం ఎందుకంత ముఖ్యమంటే, క్యాన్సర్లన్నీ ఒకటి కావు. కుక్కల జననాంగాల వద్ద వచ్చే అంటు క్యాన్సర్ ఒకటుంది. జతకట్టినప్పుడు సజీవ కణాలే ఒక కుక్క నుండి మరొక దానికి చేరి నాటుకుంటాయి. నెత్తురు కారుతూ చూడడానికి భయంకరంగా ఉంటుంది. అయినా వారానికొకటి చొప్పున ఇచ్చే విన్‌క్రిస్టీన్ ఇంజెక్షన్లు నాలుగు నుండి ఆరు పడేసరికి చాలా కుక్కల్లో పూర్తిగా నయమవుతుంది. దీనికి పూర్తి భిన్నం, పెద్ద జాతి కుక్కల కాలి ఎముకలో వచ్చే ఆస్టియోసార్కోమా. కాలు తీసివేసే నాటికే అది తరచు కంటికి కనబడనంత సూక్ష్మంగా ఊపిరితిత్తులకు చేరి ఉంటుంది. కాబట్టి శస్త్రచికిత్సకు ఒప్పుకొనే ముందు ఛాతీ ఎక్స్‌రే గురించి అడగాలి. ఆడకుక్కల రొమ్ము గడ్డలకూ ఇదే వర్తిస్తుంది.

కీమోథెరపీ అనగానే మనుషుల్లో చూసిన బాధలు గుర్తొచ్చి హడలిపోతాం. జంతువుల్లో ఉన్నన్నాళ్లు హాయిగా ఉంచడమే సాధారణంగా లక్ష్యం గనుక మోతాదులు అందుకు తగ్గట్టుగా ఉంటాయి. పూడిల్ వంటి కొన్ని జాతులను మినహాయిస్తే జుట్టు పెద్దగా రాలదు. అయితే ఆ మందులు మలమూత్రాల్లోకి వస్తాయి. ఇంట్లో గర్భిణులు గానీ పసిపిల్లలు గానీ ఉంటే ఆ సంగతి ముందే చెప్పి, జాగ్రత్తలు తెలుసుకోండి.

"మొత్తం ఎంతవుతుంది, ఎన్నిసార్లు రావాలి?" అని అడగడానికి సిగ్గుపడేవారే ఎక్కువ. సగంలో ఆపవలసి వచ్చే చికిత్స కంటే, మొదటి నుండీ నొప్పి తగ్గించే వైద్యానికే పరిమితం కావడం మేలని నేననుకుంటాను. అది నిర్దయ కాదు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు బోధనాసుపత్రులున్నాయి; అక్కడికి పంపగలరా అని అడగడంలోనూ తప్పులేదు.

"ఇది మీ కుక్కే అయితే ఏం చేస్తారు?" అని చాలామంది అడుగుతారు. నాకు ఆ ప్రశ్న నచ్చదు. మన భారాన్ని ఆయన భుజాన వేస్తుంది. దానికి బదులు, "ఏ గుర్తు కనబడితే ఇక చాలనుకోవాలి?" అని అడిగాను. ఆయన మందుల చీటీ వెనుక మూడు గుర్తులు రాసిచ్చారు: రోజంతా తిండి ముట్టకపోవడం, తనంతట తాను లేవలేకపోవడం, పడుకొని ఉన్నా ఎగశ్వాస. ఆ చీటీని ఫ్రిజ్ తలుపుకు అంటించాం. రాజా ఐదు నెలలు బతికింది. రెండో గుర్తు ముందుగా వచ్చింది. ఆ ఉదయమే ఆయనకు ఫోన్ చేశాను.