ఎముకలో పిన్ను కదలదు.. మరి కారులో స్క్రూ ఎందుకు వదులవుతోంది? ఆపరేషన్ థియేటర్ నుంచి ఫ్యాక్టరీకి కొత్త పాఠం

నట్టు, బోల్టు గురించి మామూలుగా ఎవరూ మాట్లాడరు. ఊడితేనే వార్త. 2024 జనవరి 5న అమెరికాలో అలాస్కా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 మ్యాక్స్ 9 విమానం గాల్లో ఉండగానే డోర్ ప్లగ్ ఊడి ఎగిరిపోయింది. నాలుగు బోల్టులు తీసి, మళ్లీ బిగించనే లేదని దర్యాప్తులో తేలింది. అది మనుషుల పొరపాటు, ఏ టెక్నాలజీ వచ్చినా ఆపలేనిది. కానీ ఆ తర్వాతి తనిఖీల్లో ఇతర విమానాల్లోనూ వదులుగా ఉన్న బోల్టులు బయటపడ్డాయి. దీంతో పాత ప్రశ్నే మళ్లీ ముందుకొచ్చింది. బిగించినది బిగించినట్టే ఉండాలంటే ఏం చేయాలి?

ఇదే ప్రశ్నతో దశాబ్దాలుగా కుస్తీ పడుతున్న వాళ్లు ఇంకొకరున్నారు. వాళ్లే ఎముకల, దంత వైద్యులు. ఎముకలో పెట్టిన ఇంప్లాంట్ కాస్త కదిలినా ఆపరేషన్ వృథా. స్వీడన్ వైద్య పరిశోధకుడు బ్రానెమార్క్ టైటానియం ఎముకతో ఏకమవుతుందని గమనించి, 1965లో తొలిసారి మనిషికి దంత ఇంప్లాంట్లు అమర్చారు. అయితే ఎముక పెరిగి పట్టుకోవడానికి నెలలు పడుతుంది. ఆలోగా పట్టు ఎలా?

అసలు చిక్కు ఎముక లోపలే ఉంది. పైన గట్టి పెంకు, లోపల స్పాంజిలాంటి గుల్ల. గుల్లలో స్క్రూ మర నిలవదు. స్విట్జర్లాండ్‌కు చెందిన వుడ్‌వెల్డింగ్ సంస్థ దీనికో దారి చూపింది. రంధ్రంలో పాలిమర్ పిన్ను పెట్టి అల్ట్రాసౌండ్ కంపనాలు ఇస్తారు. పిన్ను అంచు క్షణాల్లో కరిగి, చుట్టూ ఉన్న సందుల్లోకి పారి, వెంటనే గట్టిపడుతుంది. చెట్టు వేళ్లు మట్టిని పట్టుకున్నట్టే అన్నమాట! పిల్లల పుర్రె ఎముకల సర్జరీల్లో ఈ తరహా పిన్నులు వాడుతున్నారు. కంపెనీ పేరు చెబుతున్నట్టే, ఈ ఆలోచన మొదలైంది కలపను అతికించడంలో!

ఇంజినీర్లకు ఇక్కడే లైట్ వెలిగింది. బరువు తగ్గించేందుకు విమానాల్లో వాడే శాండ్‌విచ్ ప్యానెల్ చూడండి. పైనా కిందా పలుచటి పొర, మధ్యలో తేనెపట్టు గుల్ల. అచ్చం ఎముకే! దానికి నేరుగా స్క్రూ బిగిస్తే నిలవదు. అందుకే ఇప్పటిదాకా రంధ్రం చేసి, లోపల ఇన్సర్ట్ పెట్టి, ఎపాక్సీ నింపుతున్నారు. అది ఆరడానికి గంటలు పడుతుంది. అల్ట్రాసౌండ్ పద్ధతిలో అయితే క్షణాల్లో పని అయిపోతుంది. స్విట్జర్లాండ్‌లోని బీల్ నగరానికి చెందిన మల్టీమెటీరియల్ వెల్డింగ్ సంస్థ ఈ తరహా టెక్నాలజీనే పరిశ్రమల కోసం మలిచింది.

అలాగని ఆస్పత్రిలో వాడిన పిన్నునే తెచ్చి కారులో పెడితే కుదరదు. ఒంట్లో ఎప్పుడూ దాదాపు 37 డిగ్రీలే. మే నెలలో విజయవాడ ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటినా ఆశ్చర్యం లేదు. వైద్యంలో వాడే పాలీలాక్టిక్ యాసిడ్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పైగా అది కొంతకాలానికి ఒంట్లో కరిగిపోవాలనే తయారుచేసింది. కారుకు కావాల్సింది సరిగ్గా దానికి తిరుగుడు.. పదిహేనేళ్లు చెక్కుచెదరకూడదు! కాబట్టి అరువు తెచ్చుకోగలిగేది పద్ధతినే. పదార్థాన్ని మాత్రం మార్చాల్సిందే.

ఇంకో తలనొప్పి తనిఖీ. బోల్టు అయితే టార్క్ రెంచ్ పెట్టి చూడొచ్చు. లోపల కరిగి పట్టుకున్న దాన్ని ఎలా చూస్తారు? ఇక్కడా దంత వైద్యుల దగ్గర ఒక ఉపాయం ఉంది. ఇంప్లాంట్‌ను సన్నగా కంపింపజేసి, ఎంత ఫ్రీక్వెన్సీలో ఊగుతుందో కొలిచి, 1 నుంచి 100 వరకు స్కోరు ఇస్తారు. నిజానికి ఇదేమీ కొత్త కాదు. పాత రోజుల్లో స్టేషన్లలో రైల్వే సిబ్బంది చక్రాల మీద సుత్తితో కొట్టి శబ్దం వినేవాళ్లు కదా, లెక్క అదే. ప్యానెల్‌లో దాగిన అతుకులకూ ఇలాంటి నమ్మదగ్గ కొలత లేకపోతే విమానాల్లో ప్రధాన భాగాలకు అనుమతి రావడం కష్టం.

మన దగ్గర ఇప్పటిదాకా ఈ ప్రయాణం ఎక్కువగా అటువైపే సాగింది. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన కాంపోజిట్‌తో హైదరాబాద్ నిమ్స్‌లో పోలియో పిల్లలకు తేలికపాటి క్యాలిపర్లు వచ్చాయి. మిధాని టైటానియం ఇంప్లాంట్లు చేస్తోంది. ఇప్పుడు వైద్యం నుంచి ఫ్యాక్టరీకి వచ్చే దారి తెరుచుకుంటే, బాలానగర్, ఆదిభట్ల చుట్టూ విమాన విడిభాగాలు చేసే యూనిట్లకు పని దొరకొచ్చు. అల్ట్రాసోనిక్ వెల్డింగ్ మెషీన్లు ప్లాస్టిక్ పరిశ్రమకు తెలిసినవే. కానీ చిన్న సప్లయర్ తన ఇష్టానికి అతుకు పద్ధతి మార్చలేడు. డ్రాయింగ్ కస్టమర్‌ది. కొత్త పద్ధతికి పరీక్షలు, సర్టిఫికేషన్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గరే బేరం ఆగుతుంది. పెద్ద కంపెనీ ముందుకు రాకుండా చిన్న యూనిట్ ఒంటరిగా ఆ భారం మోయలేదు.